గుమెర్సిందో టోపీ తీయని ఆదివారం

గుమెర్సిందో లినారెస్ బంతితో మనుషుల్ని కొట్టి బతికాడు. మాట మొరటుగా ఉంటే ఉండనివ్వండి, సాంతా ఉర్సులా చక్కెర మిల్లు చుట్టుపక్కల ఎవరినడిగినా ఇదే చెబుతారు. బేస్‌బాల్ ఆడి బతికాడని పేపర్లవాళ్ళు రాస్తారు. అదీ అబద్ధం కాదు. కానీ బంతి వేగంగా విసిరేవాళ్ళకు మా తూర్పు వైపు ఎప్పుడూ కొదవ లేదు. ఇరవై గజాల అవతల బ్యాటు పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి, ఈ రోజు వీడి దవడా, పక్కటెముకా అని ముందే అనుకుని, అనుకున్న చోటే దించగలిగినవాడు మాత్రం అతనొక్కడే.

అతని తండ్రి చెరుకు కోసేవాడు. కొడుకు మాట వినకపోతే కోత కత్తిని అడ్డంగా తిప్పి వీపు మీద వాయించేవాడు. ఆ తండ్రిని వాయించడానికి మిల్లు కాపలాదారులు గుర్రాల మీద వచ్చేవారు. ఒకరోజు ఒక కాపలాదారు గుర్రం దిగకుండానే తండ్రి మెడ మీద కొరడా ఆడిస్తుంటే, పట్టాల పక్కన నిలబడ్డ గుమెర్సిందో రాయి తీసి విసిరాడు. రాయి కణతకు తగిలింది. కాపలాదారు కాలు రికాబులో ఇరుక్కుపోయింది, బెదిరిన గుర్రం వాడిని చెరుకు మోళ్ళ మీదుగా ఈడ్చుకుపోయింది. మిల్లు జట్టును నడిపే దొన్ ఎల్పీదియో ఇదంతా జీపులో కూర్చుని చూశాడు. ముందు కుర్రవాడిని పోలీసుల చేత చితకబాదించాడు. వాపులు తగ్గాక పిలిపించి చేతిలో బంతి పెట్టాడు.

"ఆ రాయి విసిరినట్టే ఇది విసరగలవురా?"

"ఎవరి మీదికండీ?" అన్నాడు గుమెర్సిందో.

దొన్ ఎల్పీదియో పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ జవాబుతోనే గుమెర్సిందో మిల్లు జట్టు కాన్యేరోస్‌లో చేరిపోయాడు.

మా ఆటలో బదులు అనే పద్ధతి ఒకటుంది. రూల్సు పుస్తకంలో ఉండదు, అంపైర్లు ఒప్పుకోరు, అయినా అందరూ పాటిస్తారు. మనవాడికి ఎదుటి పిచర్, అంటే బంతి విసిరేవాడు, కావాలని తగిలిస్తే, మన పిచర్ వాళ్ళవాడికి తగిలించాలి. అదీ ఎవడికి పడితే వాడికి కాదు. మన వరసలో నాలుగోవాడికి తగిలితే వాళ్ళ వరసలో నాలుగోవాడికే. నాలుగో చోట ఆడేవాడు జట్టుకు పెద్ద దిక్కు, కాబట్టి ఆ దెబ్బకు విలువ ఎక్కువ. దెబ్బ తిన్నవాడు మోకాలు దులుపుకుని లేచి, దెబ్బకు బదులుగా ఊరికే దక్కే మొదటి బేస్ దాకా పెళ్ళికొడుకులా నడిచి వెళ్తాడు. ఆ సాయంత్రం సారా కొట్టులో అతన్ని డబ్బులడిగేవాడు ఉండడు. బదులు రావలసిన చోట రాకపోతే మాత్రం ఆ మనిషి పరువు గంగలో కలిసినట్టే. వీడిని కొట్టి ఏం లాభం అని లోకానికి చాటినట్టు.

ఈ సంగతి గుమెర్సిందోకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అతను కొత్తలో ఒకసారి, జ్వరం పడి లేచిన ముసలి ఆటగాడొకడి మీద జాలిపడి బంతి పక్కకు పోనిచ్చాడు. ఆట ముగిశాక ఆ ముసలాయన గేటు దగ్గర కత్తి పట్టుకుని కాచుకున్నాడు. "నేను మనిషిలా కనబళ్ళేదట్రా నీకు?" అని అడిగి ముంజేయి చీరేశాడు. ఆ మచ్చ గుమెర్సిందో అందరికీ చూపించి నవ్వేవాడు. తప్పు తనదేనని ఒప్పుకునేవాడు కూడా.

ఆ తర్వాత అతని చేతికి జాలి అనేది తెలియకుండా పోయింది. చలికాలం ఇక్కడ, ఎండాకాలం సముద్రం దాటి మరకాయిబోలోనో వెరాక్రూస్‌లోనో ఆడేవాడు. జట్టు ఏదైనా అతని పని ఒకటే. ఆట మధ్యలో బదులు తీర్చాల్సి వస్తే మేనేజరు అతన్ని దింపేవాడు, అతను ఒకడిని పడగొట్టేవాడు, జనం సీసాలు విసిరేవారు, అంపైరు బయటికి పంపేవాడు. వెరాక్రూస్‌లో దెబ్బ తిన్నవాడొకడు బ్యాటుతో సహా మీదికొచ్చి చూపుడు వేలు విరగ్గొట్టాడు. గుమెర్సిందో వాడి చెవి తమ్మె కొరికి ఉమ్మేశాడు. ఆ వేలు వంకరగానే అతుక్కుంది, దాంతో బంతి చివర్లో లోపలికి తిరగడం మొదలుపెట్టింది. ఇదివరకు తప్పించుకోగలిగినవాళ్ళు కూడా ఇక తప్పించుకోలేకపోయారు.

భుజం చచ్చిపోయాక కూడా దొన్ ఎల్పీదియో అతన్ని వదులుకోలేదు. కుర్రాళ్ళను వెతికి తెచ్చే పని అప్పగించాడు. గుమెర్సిందో కూలీల వాడలన్నీ కాలినడకన తిరిగేవాడు. అతని పరీక్ష ఎలాంటిదో తల్లులందరికీ తెలుసు. కుర్రాడిని బ్యాటుతో నిలబెట్టి, కొన్ని బంతులు మామూలుగా విసిరి, వాడు కుదురుకున్నాడనుకోగానే, చచ్చిన భుజంలో మిగిలిన శక్తంతా కూడగట్టి ఒకటి చెవి పక్కకు వేసేవాడు. అతను బంతిని చూసేవాడు కాదు, కుర్రాడి పాదాలు చూసేవాడు. పాదం వెనక్కి పడితే పరీక్ష అయిపోయినట్టే. ఎంత బాగా కొట్టినా సరే, ఇంకొకడిని పిలిచేవాడు. పళ్ళు రాలినవాళ్ళున్నారు, చెవుడొచ్చినవాళ్ళున్నారు. ఒక వాడలో ఆడవాళ్ళంతా కలిసి రోకళ్ళతో తరిమారు.

ఒనేసిమో అనేవాడిని అలాగే పట్టుకున్నాడు. బంతి చెవిని రాసుకుంటూ పోయినా వాడు కదల్లేదు. బ్యాటు కింద పెట్టి, నిదానంగా నడిచి వచ్చి, గుమెర్సిందో ముక్కు మీద ఒక్కటి గుద్దాడు. గుమెర్సిందో నెత్తురు తుడుచుకుంటూ, "వీడిని జీపెక్కించండి" అన్నాడు. తర్వాత వాడికి పిచింగ్ తనే నేర్పాడు, బదులు ఎలా తీర్చాలో కూడా తనే నేర్పాడు.

ఇక లెయోవిహిల్దా బ్రెయా సంగతి. మిల్లు గేటు ముందు చేపలూ యానికేకే రొట్టెలూ వేయించి అమ్మే మనిషి, నోరూ గరిటే రెండూ చురుకే. గుమెర్సిందో ఆడే రోజుల్లో ఆమె దగ్గర తినేవాడు, ఆమె ఇంట్లో పడుకునేవాడు. కొడుకు పుట్టాక రావడం తగ్గించాడు. ఆమె బిడ్డను చంకనేసుకుని నేరుగా మైదానానికే వచ్చింది.

"రిజిస్ట్రారు ఆఫీసుకి రా. వీడికి నీ పేరు రాయించు."

జట్టంతా వింటోంది. గుమెర్సిందోకు హుషారెక్కింది. "బంతి మీదికొచ్చినా జంకకుండా నిలబడ్డ రోజున నా పేరిస్తాలే. లినారెస్ పేరంటే ఊరికే వస్తుందా?"

"పసిగుడ్డును పట్టుకుని ఏం కూతలవి? నీకు నోరా, మురిక్కాలవా?" అని ఆమె ఉమ్మేసి వెళ్ళిపోయింది. పిల్లవాడిని తన ఇంటిపేరుతోనే నెరేయో బ్రెయా అని రాయించుకుంది.

అలాంటి మాట హాస్యానికి కూడా అనకూడదు. అన్నవాడు మర్చిపోతాడు, పెరిగే పిల్లవాడు దాన్నే పట్టుకుని పెరుగుతాడు. నెరేయోకు పద్నాలుగేళ్ళొచ్చేసరికి మిల్లు వాడలో వాడంతటి బ్యాటు లేదు. పరీక్ష రోజున అందరికంటే ముందు వచ్చి నిలబడ్డాడు. గుమెర్సిందో గుర్తుపట్టాడు. అసలు ఆ పొద్దున అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చిందే అందుకు. కుర్రాడు నిలబడితే అటునుంచి అటే రిజిస్ట్రారు దగ్గరికి తీసుకెళ్దామని అనుకున్నాడు. తర్వాత కట్టుకున్న పెళ్ళానికి పిల్లలు లేరు. వయసు మీద పడుతోంది. నాన్నా అని పిలిచే మనిషి ఒకడు కావాలని మనసు కొట్టుకుంటోంది. ఇదంతా ఆ కుర్రాడికి ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది. చెప్పలేదు.

నెరేయో మొదటి బంతుల్ని చెరుకు బళ్ళ అవతలికి కొట్టాడు. అప్పుడు గుమెర్సిందో చెవి పక్క బంతి వేశాడు. సొంత కొడుకని తేలిగ్గా వేశాడని ఎవరూ అనకూడదు గనక, ఎవరికీ వేయనంత గట్టిగా వేశాడు. కుర్రాడి కుడి పాదం వెనక్కి పడింది. ఒక్క అడుగు.

"తర్వాతెవరు?" అన్నాడు గుమెర్సిందో.

"ఇంకొక్కటి వెయ్యండి. ఈసారి కదలను."

"తర్వాతెవరు?"

"అండీ, ఒక్కటే. తలకే వెయ్యండి."

గుమెర్సిందో మూడోసారి కూడా అదే అన్నాడు. తను పెట్టిన పరీక్షను తనే సడలించడానికి పౌరుషం అడ్డొచ్చింది. ఇంటికెళ్ళి ఇస్త్రీ చొక్కా విప్పి గోడకేసి కొట్టాడు, పెళ్ళాం మీద అరిచాడు, గుడ్లనీళ్ళు కుక్కుకున్నాడు. అంత బాధపడేవాడు మర్నాడు వెళ్ళి కుర్రాడిని పిలవచ్చు కదా. వెళ్ళలేదు.

నెరేయో రేవు పట్నం జట్టుకు పోయాడు. అక్కడ కొద్ది కాలంలోనే ఒక విషయానికి పేరుమోశాడు. వాడు బంతికి కదలడు. చెంప ఎముక విరిగింది, కదల్లేదు. మణికట్టు విరిగింది, కదల్లేదు. ఒకసారి గొంతుకు తగిలి ఊపిరాడక నేల మీద తన్నుకుని, లేచి, మళ్ళీ అదే చోట నిలబడ్డాడు. మొహమంతా కుట్లే. గుమెర్సిందో ఆ ఆటలన్నిటికీ వెళ్ళేవాడు. "నా రక్తమది. చూశారా ఆ నిలబడటం" అని పక్కవాళ్ళతో అనేవాడు. పక్కవాళ్ళు మొహాలు చూసుకునేవారు. వాడు ఎవరికోసం నిలబడుతున్నాడో ఊరందరికీ తెలుసు, ఈయనకు తప్ప.

దొన్ ఎల్పీదియో మంచాన పడ్డాక కాన్యేరోస్ పెత్తనమంతా గుమెర్సిందో చేతికొచ్చింది. రాయి విసిరి తన్నులు తిన్న చెరుకు కూలీ కొడుకు గంజి పెట్టిన తెల్ల బట్టలూ తెల్ల టోపీ వేసుకుని, బ్యాటు పట్టినవాడు నిలబడే ప్లేటు వెనక వలకు ఆనుకున్న కుర్చీలో కూర్చున్నాడు. ఆటగాళ్ళతో జీతాల మాటలు జరిగేటప్పుడు బల్ల మీద పిస్తోలు పెట్టేవాడు, అవతలివాళ్ళూ పెట్టేవారు కాబట్టి. జట్టు ఓడితే జనం అతని కారు తిరగేసేవారు, గెలిస్తే అదే కారును భుజాల మీద మోసేవారు. మేనేజర్లు మారుతూ ఉండేవారు. బదులు విషయంలో మాత్రం ఆజ్ఞ గుమెర్సిందోదే. ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుంటే పిచర్ కొట్టాలి. పెట్టుకోకపోతే కొట్టకూడదు. ఇది రహస్యమేమీ కాదు, వేరుశనగలమ్మేవాళ్ళకు కూడా తెలుసు.

ఆ రోజుల్లోనే ఒనేసిమో ఆయన టోపీ తీయడం చూసి ఒకడిని కొట్టాడు. బంతి హెల్మెట్ కింది అంచు దగ్గర తగిలింది. ఆ మనిషి చావలేదు, కానీ బతికాడనీ అనలేం. ఇప్పటికీ భార్య చెయ్యి పట్టుకుని పార్కుకు తీసుకొస్తుంది, బెంచీ మీద కూర్చోబెడితే ఎటు కూర్చోబెడితే అటే చూస్తాడు. గుమెర్సిందో ఒకసారి అతన్ని పలకరించబోయి, వీలుగాక, రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఆయనకు ఒక భయం పట్టుకుంది. రేవు జట్టు వరసలో నాలుగోవాడు నెరేయో.

ఆ భయం ఒక ఆదివారం మధ్యాహ్నం నిజమైంది. ఫైనలు. ఎండ మాడ్చేస్తోంది. రేవు జట్టు పిచర్, అప్పటికే బాగా పరుగులిచ్చి ఒళ్ళు మండి ఉన్నవాడు, కాన్యేరోస్ నాలుగోవాడైన బెలార్మీనో నోటి మీద బంతితో కొట్టాడు. కావాలని కొట్టాడనడానికి అనుమానమే లేదు. బెలార్మీనో మోకాళ్ళ మీద కూలబడి తన పళ్ళు తనే మట్టిలో ఏరుకుంటుంటే స్టేడియం మొత్తం లేచింది. రెండు జట్లూ మైదానంలోకి దూకి కలబడ్డాయి. ఒకడి మోచెయ్యి వెనక్కి విరిచారు. మెట్ల మీద రేవువాళ్ళ డోలు వాయించేవాడిని డోలుతోనే కొట్టారు. పోలీసులొచ్చి లాఠీలతో విడదీశారు. నెత్తురు మీద మట్టి పోసి, చీపురుతో లాగి, ఆట మళ్ళీ మొదలుపెట్టారు. మా దగ్గర దానికోసం ఆట ఆపరు.

రేవువాళ్ళు బ్యాటింగుకు వచ్చారు. పిచర్ ఒనేసిమో. మొదటి ముగ్గురి వంతూ అయ్యాక నెరేయో ప్లేటు దగ్గరికి వచ్చాడు.

జనమంతా బంతి వైపు కాక వల వెనక కుర్చీ వైపు చూశారు. ముందు ఒక మూల నుంచి, తర్వాత అన్ని మూలల నుంచీ కేకలు మొదలయ్యాయి. "టోపీ. టోపీ. టోపీ."

వేరుశనగలవాడు వంగి చెవిలో అన్నాడు. "దొన్ సిందో, ఎండ మండిపోతోంది. టోపీ తీసి విసురుకోండి, చల్లగా ఉంటుంది."

"అవతలికి పో."

"నన్నంటారేంటండీ. బెలార్మీనో వాళ్ళమ్మ అదిగో, అక్కడ కూర్చుని చూస్తోంది."

గుమెర్సిందో చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు. ప్లేటు దగ్గర నెరేయో పిచర్‌ను చూడటం లేదు. తల తిప్పి, వలలోంచి, సూటిగా ఆయన్నే చూస్తున్నాడు. కుట్ల మధ్య ఆ కళ్ళు తడిగా ఉన్నాయి. ప్రాణం కోసం బతిమాలుతున్నాడనుకున్నాడు గుమెర్సిందో. పార్కు బెంచీ మీది మనిషి కళ్ళకు కట్టాడు. ఒక్కసారి, బతుకులో ఒక్కసారి, వీడికి ఏదైనా ఇద్దామనుకున్నాడు.

టోపీ తీయలేదు.

ఒనేసిమో రెండుసార్లు చూశాడు. నమ్మలేక ఇంకోసారి చూశాడు. తర్వాత బంతిని ప్లేటుకు బారెడు దూరంగా, నెమ్మదిగా, పిల్లలకు వేసినట్టు వేశాడు.

ఎక్కడో పైమెట్ల మీద ఎవడో ఆడగొంతుతో, మా వైపు పిల్లలు నాన్నను పిలిచే మాటతో, "పాపీ, నన్ను కొట్టనీకు పాపీ" అన్నాడు. నవ్వులు విరగబడ్డాయి. కాన్యేరోస్ అభిమానులూ నవ్వారు, రేవువాళ్ళూ నవ్వారు. "పాపీ, పాపీ" అని అన్ని వైపులా అందుకున్నారు. ఇన్నేళ్ళుగా ఎవరూ నోరెత్తి అనని సంగతి వేల మంది ఒకేసారి అరిచారు. రేవువాళ్ళు కూర్చునే డగౌట్‌లో సొంత జట్టువాడే ఒకడు పాలసీసా పట్టుకున్నట్టు బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు.

నెరేయో హెల్మెట్ తీసి నేలకేసి కొట్టాడు. రెండు పాదాలూ గీత మీదికి జరిపి, తలను ప్లేటు మీదికి వంచి నిలబడ్డాడు. అంపైరు వెనక్కి జరగమంటే వినలేదు.

"వెయ్యరా," అన్నాడు ఒనేసిమోతో. "నీకు పుణ్యముంటుంది, వెయ్యి."

ఒనేసిమో మళ్ళీ కుర్చీ వైపు చూశాడు. టోపీ అలాగే ఉంది. వేసిన మిగతా బంతులన్నీ నడిమికి, శుభ్రంగా, వంచిన ఆ తలకు దూరంగా, మోకాలెత్తున వచ్చాయి. నెరేయో ఒక్కదానికీ బ్యాటు ఊపలేదు. కొట్టకుండా వదిలిన మంచి బంతులు మూడు కాగానే అంపైరు అవుటని చెయ్యెత్తాడు. ముఖం పగిలినా నవ్వుతూ నడిచిన మనిషి, ఒంటి మీద గీత పడకుండా, ఈలల మధ్య నిలబడిపోయాడు.

తర్వాత డగౌట్ వైపు కాక వల వైపు నడిచాడు. నేల చదును చేసేవాళ్ళు వచ్చిపోయే చిన్న తలుపు పక్కనే ఉంది. దాన్ని తన్ని తెరిచాడు. బ్యాటు చేతిలోనే ఉంది. ముందు వరసలోవాళ్ళు కుర్చీలు దాటి పారిపోయారు. గుమెర్సిందో లేచి నిలబడ్డాడు.

"ఎందుకు తియ్యలేదు?" అన్నాడు నెరేయో.

"నాయనా, వాడి బంతి నీకు తెలీదు. చచ్చిపోయేవాడివి. నిన్ను కాపాడుకున్నాను."

"ఎవడు అడిగాడు నిన్ను? ఇన్నేళ్ళూ ఎందుకు తిన్నాననుకుంటున్నావ్ ఈ దెబ్బలు? నువ్వు చూస్తావని. ఇవాళ నీ మనిషి చేతిలో బంతి, నా వంతు, ఊరంతా ఇక్కడే ఉంది. కదలకుండా నిలబడతానని చూపిద్దామనుకున్నా. ఎందుకు తియ్యలేదు?"

అప్పుడు నెరేయో బ్యాటు ఎత్తాడు. ఎత్తడం చూసి గుమెర్సిందో పాదం వెనక్కి పడింది. అది నెరేయో చూశాడు. వాడి మొహంలో అప్పటిదాకా ఉన్న ఏడుపు పోయింది. మొదటి దెబ్బకు ఆయన భుజం దగ్గరి ఎముక విరిగింది. రెండో దెబ్బ మోకాలికి తగిలింది, ఆయన కుర్చీల మధ్య పడ్డాడు. మూడోది ఎత్తేలోపు పోలీసులు మీదపడ్డారు. వాళ్ళు నెరేయోను కొట్టిన తీరు చూసి, అంతదాకా ఈలలు వేసిన జనమే చాలించమని అరిచారు. కిందపడ్డ గుమెర్సిందో పోలీసు బూటు పట్టుకుని వేలాడుతూ, "కొట్టకండి, వాణ్ణి కొట్టకండి" అంటూనే ఉన్నాడు. ఎవరూ వినలేదు.

మర్నాడు పొద్దున ఆయన భుజానికి కట్టుతో, ఇద్దరు పట్టుకుంటే కుంటుకుంటూ పోలీసు స్టేషన్‌కు వెళ్ళాడు. లెయోవిహిల్దా అప్పటికే బెంచీ మీద ఉంది, ఒళ్ళో అన్నం డబ్బా. ఆయన్ని చూసి తల తిప్పుకుంది. స్టేషన్ పెత్తనం చూసే లెఫ్టినెంట్ ఆట పిచ్చోడే, కాన్యేరోస్ మనిషి కూడా. కుర్చీ వేయించాడు.

"దొన్ సిందో, ఇది పెద్ద కేసు. వేల మంది చూశారు. బయటివాడు చేస్తే కోర్టు, జైలు, ఆట కూడా ముగిసినట్టే. తండ్రీ కొడుకులు కొట్టుకున్నారనుకోండి, అది ఇంటి గొడవ. మందలించి పంపించేస్తా. కాయితం మీద బ్రెయా అని ఉంది. మరి మీరేమంటారు?"

"నా కొడుకండీ," అన్నాడు గుమెర్సిందో.

ఆ మాట పైకి అనడం అదే మొదలు. "ఇవాళే రిజిస్ట్రారు దగ్గరికెళ్ళి రాయిస్తా. నా కొడుకే."

నెరేయోను లోపల్నుంచి తెచ్చారు. ఒక కన్ను మూసుకుపోయింది. పెదవి చీలి ఎండింది. నిలబడలేక గోడకు ఆనుకున్నాడు.

"విన్నావుగా," అన్నాడు లెఫ్టినెంట్. "ఈయన మీ నాన్నేనా? అవునను, అమ్మతో ఇంటికి పో."

"కాదండీ."

లెయోవిహిల్దా లేచింది. "ఒరే, ఒక్క మాటరా. అంటే నీ నోరేం అరిగిపోదు. అనెయ్యి."

"ఎలా అననే అమ్మా. నిన్న ఆ బంతి వేయించి ఉంటే అవుననేవాణ్ణి. తగిలి పడిపోయినా అవుననేవాణ్ణి."

"చచ్చేవాడివిరా," అన్నాడు గుమెర్సిందో.

"చస్తే చచ్చేవాణ్ణి. నన్ను చూసి కొట్టదగ్గవాడే అనుకున్నావని తెలిసి చచ్చేవాణ్ణి." వాడు లెఫ్టినెంట్ వైపు తిరిగాడు. "కాన్యేరోస్ పెత్తందారని రాసుకోండి సార్. నాకింకేం కాడు."

లెఫ్టినెంట్ పెన్ను తీశాడు. గుమెర్సిందో వద్దన్నట్టు బాగున్న చెయ్యి ఎత్తాడు. లెఫ్టినెంట్ నెరేయో చెప్పిందే రాసుకుని, తీసుకుపొమ్మని సైగ చేశాడు.

గుమెర్సిందో లేవబోయి లేవలేకపోయాడు. "లెయో, నువ్వు చెప్పు. నీ మాటైతే వింటాడు. తండ్రినని నువ్వే చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటా."

లెయోవిహిల్దా డబ్బా మూత సరిగ్గా ఉందో లేదో చూసుకుంది. కళ్ళనిండా నీళ్ళున్నా గొంతు స్థిరంగానే ఉంది.

"వాడు నిన్ను అడిగినవి రెండే. పేరడిగాడు, దెబ్బడిగాడు. రెండూ నీ చేతిలోనే ఉన్నాయి."

ఇంకేమీ అనకుండా, ఖైదీకి భోజనం ఎటువైపు ఇవ్వాలని కానిస్టేబుల్‌ను అడిగి, ఆమె లోపలికి వెళ్ళింది.